ఆఖరివాడి లాంతరు

యాకో బాబాయి కిటికీలో ఎప్పుడూ ఒక లాంతరు వెలుగుతూ ఉండేది. చీకటి కోసం కాదు. జూన్ నెలలో సూర్యుడు అస్తమించడం మరిచిపోయి ఆకాశమంతా పాలరంగులో ఉన్నప్పుడు కూడా, ఆ చిన్న పసుపు మంట గాజు వెనక నిలబడి నది వైపు చూస్తూ ఉండేది. కిరోసిన్ దండగని ఊళ్ళో ఎవరూ అనలేదు. అది ఎవరి లాంతరో అందరికీ తెలుసు.

ఉత్తరాన చలికాలమంతా గడ్డకట్టి ఉండే కుస్కోక్విమ్ నది మీద మా ఊళ్ళవాళ్ళు ప్రతి చలికాలం కుక్కబండ్ల పందెం పెట్టుకుంటారు. ఎగువ ఊళ్ళ దాకా వెళ్ళి, కుక్కలకి విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ మా ఒడ్డుకే రావాలి. మూడు వందల మైళ్ళ మంచు. బండ్లు బయల్దేరగానే ఒడ్డున గుంజకి లాంతరు వెలిగించి కడతారు. గెలిచినవాడు వచ్చినా అది ఆరదు. అందరికంటే ఆఖరున వచ్చినవాడు, కనుబొమల మీద మంచు పేరుకుని, కాళ్ళు తడబడుతూ బండి దిగి, వంగి దాన్ని ఊది ఆర్పాలి. అప్పుడే పందెం అయిపోయినట్టు. వేరేవాళ్ళు ఆర్పకూడదు. దారిలో ఉన్నవాడి దీపం ఆర్పితే వాడి దారినే ఆర్పినట్టు.

యాకో అన్న ఈవాన్ పోయిన ఏడు, దాన్ని ఆర్పేవాడు రాలేదు.

మూడు పాయలు కలిసే మలుపులో, పైన మంచు పరుచుకుని గట్టిగా కనిపించే పల్చటి ఐసు మీదికి అతని బండి వెళ్ళింది. ముందు నడిచే కుక్క ఒక్కటే తాడు కొరుక్కుని ఇంటికొచ్చింది, ఒళ్ళంతా నీళ్ళు గడ్డకట్టి, నడుస్తుంటే గలగలమంటూ. వసంతంలో నది తెరుచుకున్నాక మగవాళ్ళు పడవల మీద కొక్కేలు వేసి గాలించారు. బండి దొరికింది. ఒక చేతితొడుగు దొరికింది. ఈవాన్ దొరకలేదు. ఒడ్డున వెలుగుతున్న లాంతరుని యాకో గుంజ నుంచి విప్పి, గాలికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. మరుసటి ఏడు పందెంవాళ్ళు కొత్త లాంతరు కొన్నారు.

ఆ వసంతంలోనే, ఐసు పగిలే చప్పుళ్ళ మధ్య, నాకు కూతురు పుట్టింది.

మాలో ఎవరైనా పోతే, తరవాత పుట్టిన బిడ్డకి ఆ పేరు పెడతాం. పేరుతో పాటు మనిషీ తిరిగొస్తాడు. పోయినవాళ్ళకి ఎప్పుడూ దాహమే, ఆ పేరున్న బిడ్డ తాగితేనే అది తీరుతుందంటారు. ఆడపిల్లా మగపిల్లాడా అన్నది లెక్కలోకి రాదు. యాకో వాళ్ళమ్మ మట్రోనా మా పక్కిల్లే. బిడ్డ పుట్టిన మర్నాడు ఆవిడ చిన్న గిన్నెలో నీళ్ళు పట్టుకుని వచ్చింది. వేలు ముంచి బిడ్డ నెత్తిన ఒక చుక్క, పెదాల మీద ఒక చుక్క వేసింది. బిడ్డ చప్పరించింది.

"చూశావా నస్తాస్యా, ఎంత దాహంగా ఉన్నాడో! వచ్చావా నాయనా? తాగు," అంది ఆవిడ.

ఈవాన్ అన్నది చర్చి పేరు. అతని అసలు పేరు అక్యార్. మట్రోనా ఆ పేరు మూడుసార్లు బిడ్డ చెవిలో చెప్పింది. యాకో గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"దొరకలేదు కదమ్మా. దొరకనివాడి పేరు ఎట్లా పెడతావ్?"

"పేరు పెట్టకపోతే వాడికి నీళ్ళెవరు పోస్తారు?"

"నీళ్ళలోనే ఉన్నాడుగా."

"నీళ్ళలో ఉన్నవాడికి ఎంత దాహమో నీకేం తెలుసురా," అంది మట్రోనా.

యాకో వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచీ ఊరందరికీ నా కూతురు అక్యార్ అయింది. యాకోకి మాత్రం చర్చి పేరుతో ఒలింకానే.

ఆ పిల్ల పెరగడం చూసి ఊరు నవ్వుకునేది. ఈవాన్‌కి బావ వరసయ్యే ముసలి జఖార్, జీవితమంతా ఈవాన్‌ని ఏడిపించడమే పనిగా పెట్టుకున్నవాడు, పాలు తాగే పిల్లని కూడా వదల్లేదు. "ఏం బావా, పళ్ళు ఊడిపోయాయేం? సీల్ మాంసం పెట్టనా?" అని అడిగేవాడు. మట్రోనా దాన్ని "నా కొడుకా" అని పిలిచి, ఈవాన్ బొచ్చుకోటు చిన్నది చేసి తొడిగేది. ముద్దొచ్చినప్పుడు నేనే దాన్ని "బాబాయ్" అనేదాన్ని. మాటలు వచ్చాక మట్రోనా నేర్పితే ఒలింకా కూడా యాకోని "తమ్ముడూ" అని పిలిచింది. ఆయన పలికేవాడు కాదు. తల వంచుకుని బండి పలకకి సానపట్టుకునేవాడు. అది విసుగు లేకుండా మళ్ళీ పిలిచేది. "తమ్ముడూ, ఏం చేస్తున్నావ్? తమ్ముడూ, ఈ కుక్క పేరేంటి?"

"నేను మీ నాన్నకంటే పెద్దవాణ్ణి. తమ్ముడేంటి?"

"మరి నేను నీకంటే పెద్దదాన్ని కదా."

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎండాకాలం చేపలు పట్టి, చీల్చి, ఆరబెట్టి, కుక్కల కోసం చేపలకి పొగపట్టే కొట్టంలో గుట్టలుగా పేర్చుకునేవాడు. శరత్కాలం దుంగలు లాగేవాడు. చలికాలం పందానికి వెళ్ళేవాడు. ఆ మలుపు దగ్గరికి రాగానే బండి ఆపి, కుక్కలు లాక్కుపోకుండా కొక్కెం మంచులోకి తొక్కి, ఫ్లాస్కు మూత తీసేవాడు. ఐసు కరిగించిన నీళ్ళు. వాటిని నది వైపు పోసి, మంచులో పడిన గుంట మళ్ళీ తెల్లబడేదాకా నిలబడేవాడు. వెనకవాళ్ళు దాటిపోయేవాళ్ళు. అందుకే ఏ ఏడూ ముందు రాలేదు. చాలాసార్లు ఆఖరివాడు ఆయనే. కొత్త లాంతరు ఊది ఆర్పి, ఇంటికెళ్ళి పాతదాన్లో కిరోసిన్ పోసేవాడు.

"వీడు పందానికి పోడర్రా, నీళ్ళు మొయ్యడానికి పోతాడు," అనేవాడు జఖార్, ఆవిరిస్నానం గదిలో కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లుతూ. అందరూ నవ్వేవాళ్ళు. యాకో కూడా కొంచెం నవ్వేవాడు.

మట్రోనా నవ్వేది కాదు. "మంచుకి పోసే ఆ నీళ్ళు పక్కింటి పిల్లకి పొయ్యరాదా? వాడు ఇక్కడ కూర్చుని ఉంటే నువ్వు అక్కడికెళ్ళి పోస్తావేం?" అని ఆవిడ పోయేదాకా పోరుతూనే ఉంది.

కానీ కుక్కల పనంతా యాకోయే ఒలింకాకి నేర్పాడు. పేరుతో పిలవకపోయినా పక్కన ఉండనిచ్చాడు. తాళ్ళు చిక్కుపడకుండా ఎలా మడవాలో, ఏ కుక్క ఏ కుక్క పక్కన పరిగెడుతుందో, పాదాలకి తొడిగే సంచులు రక్తం ఆగిపోయేంత బిగించకుండా ఎలా కట్టాలో నేర్పాడు. ముందు నడిచే ఆడకుక్క పేరు సూది. మూతి సన్నగా ఉంటుంది. తాడు కొరుక్కుని ఇంటికొచ్చిన ఆ కుక్క సంతానంలో సంతానం అది. ఒలింకా మాట వినేదిగానీ యాకో మాట వినేది కాదు. ఆయనకి అది కోపమో సంతోషమో నాకెప్పుడూ అర్థం కాలేదు.

తరవాత సాల్మన్ చేపలు రావడం తగ్గిపోయింది. మొదటి ఏడు ఆలస్యమయ్యాయనుకున్నాం. రెండో ఏడు ప్రభుత్వంవాళ్ళు వలలు వెయ్యొద్దన్నారు. ఆ తరవాత పొగపట్టే కొట్టాల్లో చేపలు ఆరేసే కర్రలు ఖాళీగా వేలాడుతూ, గాలి వచ్చినప్పుడు ఒకదానికొకటి తగులుకుని చప్పుడు చేసేవి. మనుషులం బియ్యం తిని బతకొచ్చు. కుక్కలు బతకలేవు. ఒక్కొక్క ఇంటి ముందు గుంజలు ఖాళీ అయ్యాయి. చివరికి ఊళ్ళో కుక్కల జట్టు యాకోది ఒక్కటే మిగిలింది. ఉదయం అవి ఒకదాని తరవాత ఒకటి ఊళపెడితే ఊరంతా నిద్రలోనే వినేది. అటు ఎగువన ఒకాయన వాటిని తీసుకుంటానన్నాడు. పందెం అయ్యాక విమానంలో పంపించాలని మాట అయింది.

అదే ఏడు యాకో తుంటి ఎముక కూడా మొరాయించింది. బండి వెనక పలక మీద నిలబడలేకపోయాడు. ఆఖరి పందానికి ఒలింకా వెళ్తానంది. నేను సరేనన్నాను. ఈ ఏడు దారి నది మీద లేదు మరి. జనవరిలో వాన పడింది. మా అమ్మమ్మ కాలంలో ఆ మాట చెబితే అబద్ధమనేవాళ్ళు. మలుపు దగ్గర ఐసు పుచ్చిపోయిందని, పందెంవాళ్ళు దారిని నదికి దూరంగా, గట్టు మీది చదును నేలలోకి మార్చి, రిబ్బన్లు కట్టిన పుల్లలు గుచ్చారు. నా గుండె కాస్త కుదుటపడింది.

బయల్దేరే ఉదయం నేను సూది మెడపట్టీ పట్టుకుని ముందు నిలబడ్డాను. కుక్కలు తాళ్ళు తెంపుకునేలా గెంతుతున్నాయి. వెనక బండి దగ్గర యాకో ఒలింకాకి ఏదో చెబుతున్నాడు. కుక్కల గురించేమో అనుకున్నాను. ఏం చెప్పాడో ఒలింకా నాకు తరవాత చెప్పింది.

ఆయన దాని చేతిలో ఫ్లాస్కు పెట్టాడు. "మలుపు తగిలేచోట కొంచెం దారి వదులు. ఒడ్డు మీదే ఉండు. ఐసు మీదికి పోకు. మూత తీసి పొయ్యి, అంతే. ఇక ఈ కుక్కలుండవు. నేనూ అక్కడిదాకా పోలేను. ఇదొక్కసారి."

"ఎవరికి పొయ్యాలి తమ్ముడూ?"

"నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. నీకే తెలీదు," అని ఫ్లాస్కుని బొచ్చుకోటు లోపల పెట్టుకుంది నా కూతురు.

నేను మెడపట్టీ వదిలాను. కుక్కల అరుపులన్నీ ఒక్కసారిగా ఆగి, పాదాల చప్పుడు మాత్రమే మిగిలింది. తరవాత అదీ మిగల్లేదు. ఎవరో గుంజకి లాంతరు కట్టారు.

ఇప్పుడు పందెంలో ప్రతి బండికీ ఒక చిన్న పెట్టె కడతారు. ఎవరెక్కడున్నారో ఫోనులో చుక్కలుగా కనిపిస్తుంది. ఒడ్డున టీ కాచేపని నాది. వేరే ఊళ్ళ బండ్లు వస్తున్నాయి, కుక్కలు మంచులో దొర్లుతున్నాయి, వచ్చినవాళ్ళు గట్టి బిస్కెట్లు టీలో ముంచుకుని తింటూ నవ్వుతున్నారు. నేను వేడినీళ్ళు పోస్తూ మధ్యమధ్య ఒలింకా చుక్కని చూసుకుంటున్నాను. ఆఖరున వస్తోంది. అయినా బాగానే వస్తోంది.

"మా బావ అంతే," అన్నాడు జఖార్. "పూర్వం కూడా ఎక్కడ పొయ్యి కనిపిస్తే అక్కడ దిగిపోయేవాడు. నాకింకో కప్పు పొయ్యవే, వాడొచ్చేలోగా నేను ముసలాణ్ణయిపోతా."

"ఇప్పుడేమన్నా కుర్రాడివా మామా?"

"నీ టీ తాగే ఇట్లా అయ్యాను."

అప్పుడు చుక్క పక్కకి తిరిగింది. పుల్లలు గుచ్చిన దారి వదిలి నది వైపు వెళ్ళింది. మలుపు దగ్గర ఆగింది.

అందరూ ఫోన్లు చూసుకున్నారు. కదుల్తుందిలే అనుకున్నాం. నేను కెటిల్‌లో మంచు వేశాను, అది కరిగింది, మళ్ళీ వేశాను. చుక్క కదల్లేదు. ఉత్తరపు గాలి లేచింది. నేల మీది మంచంతా పైకి లేచి పాకుతూ, ఆవలి ఒడ్డుని తుడిచేసింది.

యాకో కర్ర పోటేసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"నస్తాస్యా. నేనే పంపాను."

"ఎక్కడికి?"

"నీళ్ళు పొయ్యమన్నాను. ఒడ్డు మీదే ఉండమని చెప్పాను. దానికి తెలుసు. ఒడ్డు మీదే..."

నా చేతిలో గరిటె ఉంది. అది విసిరేశాను. ఏం మాట్లాడానో మొత్తం గుర్తులేదు. ఇది మాత్రం గుర్తుంది. "ఈవాన్ పోయాడు బాబాయ్! ఊరందరికీ తెలుసు, నీకొక్కడికే తెలీదు! వాడు తిరిగొస్తే మొహం కూడా చూడలేదు నువ్వు. ఇప్పుడు అదే నీళ్ళలోకి మళ్ళీ పంపావు!"

ఆయన నన్ను ఆపలేదు. తల ఊపుతూ విన్నాడు. పిల్లలు బడిలో పాఠం విన్నట్టు. తరవాత మెల్లగా ఇంటి వైపు వెళ్ళాడు. మొహం చెల్లక పోతున్నాడనుకున్నాను. తిరిగొచ్చినప్పుడు చేతిలో పాత లాంతరు ఉంది. ఒక తొడుగు తీసేసి, ఉత్త చెయ్యి మంటకి అడ్డం పెట్టుకుని వస్తున్నాడు. కొత్త లాంతరు పక్కన దాన్ని కట్టాడు. తెల్లటి పగటి వెలుతురులో ఆ రెండు మంటలూ ఉన్నాయో లేవో అన్నట్టు ఉన్నాయి. ఇద్దరు కుర్రాళ్ళు మోటారు మంచుబండ్ల మీద వెతకడానికి వెళ్ళి, తమ బండి మూతి కూడా కనపడడంలేదని తిరిగొచ్చారు. యాకో గుంజ పక్కనే నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గాలి వచ్చినవైపు తిరిగి, తన ఒళ్ళుతో ఆ రెండు మంటల్నీ కాశాడు.

ఆ కొంతసేపటిలో నేను దేవుణ్ణి ప్రార్థించానా అంటే, లేదు. మట్రోనా గిన్నె గుర్తొచ్చింది. నా కూతురు పెదాల మీది ఆ మొదటి చుక్క గుర్తొచ్చింది.

సూర్యుడు పడమట పల్చటి రాగిరేకులా అంచుకి దిగుతున్నప్పుడు గాలి ఆగింది. ముందుగా వినిపించింది గంట కాదు, అరుపు కాదు. ఊపిరి. చాలా కుక్కల ఊపిరి కలిసి వస్తే ఎలా ఉంటుందో అలాంటి చప్పుడు. తరవాత గట్టు మీద ఒక ముదురు గీత కనిపించింది. ఆ గీతకి కాళ్ళు వచ్చాయి. ముందు సూది లేదు. ఇంకో కుక్క నడిపిస్తోంది. ఒలింకా బండి పక్కన నడిచి వస్తోంది, పైన బొచ్చుకోటు లేకుండా.

బండిలో, ఒలింకా బొచ్చుకోటు చుట్టుకుని, సూది పడుకుని ఉంది. తల మాత్రం బయటికి పెట్టి చూస్తోంది.

నేను ఒలింకాని వాటేసుకున్నాను. ఐసు ముక్కని వాటేసుకున్నట్టుంది. నా కోటు విప్పి కప్పాను. అది నా భుజం మీదుగా యాకోతో మాట్లాడింది.

"ఒడ్డనుకున్నాను. ఒడ్డు కాదది, నది కోసేసింది, పైన మంచు కప్పేసింది. సూది ముందుకెళ్ళి కూర్చుంది. ఎంత అరిచినా లేవలేదు. తిట్టాను కూడా దాన్ని. అప్పుడు కింద నీళ్ళు పోతున్న చప్పుడు వినిపించింది. కుక్కల్ని వెనక్కి తిప్పుతుంటే బండి ఒరిగి పెట్టె ఊడిపోయింది. సూది నడుము దాకా నీళ్ళలో దిగబడింది. లాగాను. అంతలో గాలి వచ్చేసింది. కుక్కల మధ్యలో పడుకున్నాను."

యాకో ఒక్కటే అడిగాడు. "నీళ్ళు?"

ఒలింకా బండి సంచిలోంచి ఫ్లాస్కు తీసి తలకిందులుగా పట్టుకుంది. ఒక్క చుక్క కూడా రాలేదు.

"తాగేశాను."

మూత బిగించి, ఫ్లాస్కుని బండిలో పెట్టింది.

"పొయ్యడానికే మూత తీశాను తమ్ముడూ. నిజంగా. నది అక్కడుంది, నేనిక్కడున్నాను. దాహం వేసింది నాకు. చాలా దాహం. అందుకని తాగేశాను."

"అన్నీనా?"

"అన్నీ. ఇంకొంచెం ఉంటే బాగుండుననిపించింది."

యాకో ఆ పిల్ల మొహంలోకి చూశాడు. అన్నేళ్ళు పక్కనే పెరిగిన మొహం. కనురెప్పల మీద మంచు. తరవాత కర్ర అక్కడే వదిలేసి, కుంటుకుంటూ నా టీ బల్ల దగ్గరికి వచ్చాడు. నేను విసిరేసిన గరిటెని మంచులోంచి ఏరి, కెటిల్ పక్కన గిన్నెలో ఐసు కరిగిన నీళ్ళు ముంచాడు. ఆయన కుంటి నడకకి సగం ఒలికిపోయాయి. మిగిలినవి తీసుకెళ్ళి దాని పెదాల దగ్గర పెట్టాడు.

"తాగు అన్నయ్యా," అన్నాడు.

ఒలింకా తాగింది. గరిటె ఖాళీ అయ్యేదాకా ఆయన చెయ్యి దించలేదు.

తరవాత అది గుంజ దగ్గరికి వెళ్ళింది. ఆఖరున వచ్చింది కాబట్టి కొత్త లాంతరు ఊది ఆర్పింది. పాతదాని ముందు ఆగి, యాకో వైపు చూసింది.

"అదీ నీదే," అన్నాడాయన. "ఆర్పు. వచ్చేశావుగా."

గాజు పైకెత్తి ఊదింది. మంట ఒకసారి పక్కకి వంగి, పోయింది. సన్నటి పొగ మా అందరి మధ్యలోంచి పైకి వెళ్ళింది.

"ఎంత ఆలస్యం చేశావు బావా," అన్నాడు జఖార్. వేళాకోళంగానే మొదలుపెట్టాడు. తన కప్పు ఒలింకా చేతిలో పెట్టాడు. "టీ చల్లారిపోయింది కదరా."

యాకో మంచులో కూలబడ్డాడు. అన్న పోయినప్పుడు ఏడవనివాడు, కొక్కేలకి అన్న చేతితొడుగు తగిలినప్పుడు ఏడవనివాడు, తల్లిని పాతిపెట్టినప్పుడు ఏడవనివాడు, అప్పుడు ఏడ్చాడు. చనిపోయినవాళ్ళ ఇంట్లో మొదటిరోజు ఏడ్చినట్టు ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. నా కోపం ఎక్కడికి పోయిందో వెతుక్కోలేదు. ఒలింకా మాత్రం కుక్కల పాదాల సంచులు విప్పుతూ ఉండిపోయింది. అది ఆగకూడని పని.

మంచు మెత్తబడకముందే విమానం వచ్చింది. కుక్కల్ని ఒక్కొక్కదాన్నే యాకో ఎత్తి లోపలికి అందించాడు, ఒక్కొక్కదాని చెవిలో ఏదో చెబుతూ. సూదిని ఎక్కించలేదు. దాని వెనక కాళ్ళు మళ్ళీ పరుగుకి రాలేదు, ఎగువాయన అక్కర్లేదన్నాడు. విమానం లేచాక అది ఒక్కతే ఊళపెట్టింది. జవాబు కోసం ఆగి విన్నది. మళ్ళీ పెట్టలేదు.

ఇప్పుడు ఆ కిటికీలో వెలుగు లేదు. గుంజల చుట్టూ కుక్కలు తిరిగి తిరిగి తొక్కిన గుండ్రటి గుంటల్లో మంచు నీళ్ళయి నిలిచింది. ఉదయం లేవగానే యాకో బాబాయి బాల్చీతో నీళ్ళు పట్టుకుని బయటికి వస్తాడు, అలవాటు పోక. గుంజల మధ్య కాసేపు నిలబడతాడు. సూది గిన్నెలో కొంచెం పోసి, మిగిలినవి మోసుకుని మా ఇంటికి వస్తాడు.

"అన్నయ్య లేచాడా?" అని అడుగుతాడు.

"ఇంకా లేదు బాబాయ్."

"లేపకులే," అంటాడు. బాల్చీ పక్కన పెట్టుకుని, నదికి వీపు పెట్టి, గడప మీద కూర్చుంటాడు.